బిడ్డ నెల్లూరులో, తల్లి ఒంగోలులో: తండ్రి చేయగలిగింది ఏమిటి?

ప్రశ్న (దర్శి ప్రాంతం నుంచి ఒక తండ్రి):
రక్తపోటు బాగా పెరగడంతో నా భార్యకు 32వ వారంలోనే ఒంగోలులో ఆపరేషన్ చేసి బిడ్డను తీశారు. మగబిడ్డ, 1,400 గ్రాములు. ఊపిరి అందడం లేదని ఆ రాత్రే నెల్లూరుకు పంపించారు. అప్పటి నుంచి నేను ఇక్కడ ఎన్‌ఐసీయూ (పసిబిడ్డల ఇంటెన్సివ్ కేర్ వార్డు) బయట, బాలింత అక్కడ మా అత్తగారి దగ్గర ఉన్నాము. ముక్కు ద్వారా గాలి పంపి ఊపిరికి సాయం చేసే సీప్యాప్ యంత్రం తీసేశారు, పాలు మాత్రం ఇంకా గొట్టంతోనే పోస్తున్నారు. డాక్టరు గారు రోజూ పిలిచి చెబుతారు గానీ, ఆ మాటలు నాకు అర్థమయ్యేసరికి ఆయన వెళ్ళిపోయి ఉంటారు. పురుటి మైల తీరేదాకా బిడ్డను ముట్టుకోవద్దని మా నాన్న, ఎనిమిదో నెల బిడ్డ నిలవడని మరొకరు అంటున్నారు. బిల్లు కట్టడం, మందులు తేవడం తప్ప నాకు వేరే పని లేదా? భార్య ఫోను చేస్తే ఎంతవరకు చెప్పాలి?

జవాబు (నవజాత శిశు విభాగంలో నర్సు, ఒంగోలు):
ఎనిమిదో నెల మాటకు ఆధారం లేదు. కడుపులో గడిచే ప్రతి వారమూ ఊపిరితిత్తులకు బలమే కాబట్టి ఏడో నెల బిడ్డ కంటే ఎనిమిదో నెల బిడ్డే నయం.

మీకు పని ఉంది. బిడ్డను కంగారూ పద్ధతిలో గుండెకు హత్తుకొని పడుకోబెట్టుకోవచ్చా అని డాక్టరు గారిని మీరే అడగండి. నెలలు నిండని బిడ్డలకు, బరువు తక్కువ బిడ్డలకు రోజుకు 8 నుంచి 24 గంటలు ఇలా ఉంచాలని 2022లో ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించింది; తల్లి దగ్గర లేనప్పుడు ఆ పని తండ్రి చేయవచ్చు. స్నానం చేసి, గోళ్ళు కత్తిరించుకొని, సెంటు గానీ సిగరెట్టు వాసన గానీ లేకుండా వెళ్ళి, చొక్కా విప్పి వెనక్కి వాలి కూర్చుంటే, డైపరు, టోపీ, సాక్సులు మాత్రమే ఉన్న బిడ్డను మీ రొమ్ముపై నిలువుగా ఉంచి, తల ఒక పక్కకు తిప్పి, గుడ్డతో కడతారు. మీ ఒంటి వేడే బిడ్డకు వేడి.

మీ భార్య రెండు మూడు గంటలకోసారి, రాత్రి కూడా, పాలు పిండాలి; లేకపోతే పాలు తగ్గిపోతాయి. ఆ పాలు ఐసు డబ్బాలో పంపితే తీసుకుంటారేమో ముందే అడగండి. అంతకంటే, ప్రయాణానికి అనుమతి దొరకగానే ఆమెను నెల్లూరుకు తీసుకురావడమే మేలని నా అభిప్రాయం.

జవాబు (కావలి నుంచి, నెల తక్కువ కవలల తండ్రి):
మైల గురించి పెద్దలతో వాదించి గెలవనక్కర లేదు. డాక్టరు గారే ఎత్తుకోమన్నారని చెప్పగానే మా ఇంట్లో ఎవరూ నోరెత్తలేదు.

ఒక చిన్న నోటు పుస్తకం దగ్గర ఉంచుకొని, పొద్దుటి బరువు, పూటకు ఎన్ని మిల్లీలీటర్ల పాలు, ఊపిరి ఆగిన సందర్భాలు, మొదలుపెట్టిన మందు రాసుకోండి. మర్నాడు డాక్టరు గారిని అడగవలసినవీ అందులోనే రాయండి. మొదటి వారంలో బరువు కొంత తగ్గడం మామూలే, తర్వాత అది తిరిగి వస్తుంది. అది తెలియక నేను చాలా బెంబేలెత్తాను. భార్యకు ఆ పుస్తకంలో ఉన్నదంతా చదివి వినిపించండి. దాచితే మీ గొంతులోనే ఆమెకు తెలిసిపోతుంది, అప్పుడు ఉన్నదానికంటే ఎక్కువ ఊహించుకుంటుంది. వార్డులో ఒప్పుకుంటే వీడియో కాల్‌లో బిడ్డను చూపించండి.

ఇంకొకటి, అందరూ తల్లి ఆరోగ్యం అడుగుతారు గానీ తండ్రిని అడగరు. రోజుల తరబడి నిద్ర పట్టకపోయినా, దేనిమీదా మనసు నిలవకపోయినా అక్కడి డాక్టరుకే చెప్పండి. బిడ్డ పుట్టాక తండ్రులకూ కుంగుబాటు వస్తుంది. మీ తమ్ముడో బావమరిదో వచ్చి ఒక రాత్రి కూర్చుంటే మీరు లాడ్జిలో పడుకోండి.

జవాబు (ఉపాధ్యాయుడు, పొదిలి):
మీరు రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగి అయితే 15 రోజుల పితృత్వ సెలవు ఉంది. ప్రైవేటు ఉద్యోగులకు అటువంటి చట్టం లేదు. ఖర్చు మోయలేని పరిస్థితి వస్తే, ప్రభుత్వాసుపత్రుల్లో జననీ శిశు సురక్షా కార్యక్రమం కింద ఏడాదిలోపు బిడ్డలకు చికిత్స, మందులు ఉచితం. అయితే బిడ్డను మార్చాలో వద్దో డాక్టరుతో మాట్లాడకుండా నిర్ణయించకండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ ధన్యవాదాలు. ఎత్తుకోవడానికి రేపటి నుంచి ఒప్పుకున్నారు. ఇంటికి పంపేముందు ఇంకా ఏమైనా అడగాలా?

జవాబు (నర్సు, ఒంగోలు):
కంటి పరీక్ష. 34 వారాల లోపు పుట్టినా, 2,000 గ్రాముల లోపు బరువున్నా, పుట్టిన నాలుగు వారాల్లోపు రెటీనా (కంటి లోపలి పొర) చూపించాలి. ఆలస్యమైతే చూపు పోయే ప్రమాదం ఉంది. డిశ్చార్జి అయినా కాకపోయినా ఆ తేదీ దాటనివ్వకండి. వినికిడి పరీక్ష ఎప్పుడో కూడా కాగితం మీద రాయించుకోండి.