అప్‌డేట్: అమ్మకి కళ్లు తిరగడం... బీపీ కాదట

కుడివైపు ఒత్తిగిలితే చాలు అమ్మకి గది గిర్రున తిరుగుతోందని, స్కాన్ తీయించాలా అని పోయిన వారం అడిగాను కదా. నిన్న ఈఎన్‌టీ డాక్టర్‌కి చూపించాం.

512 హెర్ట్జ్ ట్యూనింగ్ ఫోర్క్, ఆడియోమెట్రీ అనే వినికిడి పరీక్షలు అయ్యాయి. వినికిడి బాగానే ఉంది. అసలు సంగతి డిక్స్-హాల్‌పైక్ పరీక్షలో తేలింది. తల కుడికి 45 డిగ్రీలు తిప్పి, గబుక్కున వెనక్కి పడుకోబెట్టి, బల్ల అంచు కిందికి వాల్చారు. రెండు మూడు సెకన్లు ఏమీ లేదు. తర్వాత కనుగుడ్లు వాటంతటవే కొట్టుకోవడం మొదలైంది. చూస్తున్న నాకే భయమేసింది! అమ్మ నా చెయ్యి రక్కేసింది. అర నిమిషంలో ఆగింది.

లోపలి చెవిలోని కాల్షియం పలుకులు జారి, తల కదలికల్ని పసిగట్టే అర్ధవలయ నాళంలో పడ్డాయట, అందుకే ఈ తిరుగుడు. అక్కడికక్కడే ఎప్లీ పద్ధతిలో తల తిప్పి సరిచేశారు. స్కాన్ అక్కర్లేదన్నారు. రాత్రి కుడివైపే తిరిగి పడుకుంది.