శ్రీకాళహస్తిలో గుడి అయ్యాక ఊరు ఎలా చూడాలి?

తిరుపతి వాసి:
మా ఇంట్లో కాళహస్తి అంటే రాహుకేతు పూజ, దర్శనం, వెంటనే వెనక్కి బస్సు, అంతే. ఈసారి హైదరాబాద్ నుంచి మా మేనత్త వస్తోంది, ఆమెకి పాత ఊళ్లన్నా చేతిపనులన్నా ప్రాణం. దర్శనం అయ్యాక ఓ పూట ఊళ్లో ఏం చూడొచ్చు? కలంకారీ పని దగ్గరుండి చూడనిస్తారా? చంద్రగిరి కోట కూడా అదే రోజు పెట్టుకుంటే టెన్షన్ అవుతుందా?

స్వర్ణముఖి ఒడ్డు:
చంద్రగిరి కలపొద్దండి, అది తిరుపతికి అటుపక్క, ఇది ఇటుపక్క. చంద్రగిరి కోటలోని రాజమహల్‌లో మ్యూజియం కూడా ఉంది, శుక్రవారం సెలవు, దానికి వేరే రోజు పెట్టుకోండి.

కాళహస్తిలో ముందు గాలిగోపురం దగ్గర కాసేపు ఆగండి. శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన గోపురం 2010 మే నెలలో కూలిపోయింది, ఆ రోజు ఊరు ఊరంతా ఏడ్చింది. ఇప్పుడున్నది అదే చోట కట్టి 2017లో కుంభాభిషేకం చేసింది. కొత్తదే కదా అని దాటిపోకండి, అక్కడ నిలబడి చుట్టూ చూస్తేనే ఊరి అమరిక అర్థమవుతుంది. ఒకపక్క కొండ, ఇంకోపక్క స్వర్ణముఖి ఏరు, మధ్యలో గుడి, గుడిని పట్టుకుని అంగళ్లు. లోపల నూరుకాళ్ల మండపం కూడా రాయలు కట్టించిందే, క్యూ హడావుడిలో ఎవరూ తలెత్తి చూడరు. రాయల తర్వాత వచ్చిన అచ్యుతదేవరాయలకు పట్టాభిషేకం ఇక్కడ కూడా జరిగింది. ఇంత చరిత్ర ఉన్న ఊరిని పూజ టికెట్టుతో ముగించడం నాకు బాధగానే ఉంటుంది.

కరక్కాయ:
కలంకారీ గురించి నేను చెప్తాను. పనివాళ్ల ఇళ్లకు పోయి మర్యాదగా అడిగితే చాలామంది చూపిస్తారు, మధ్యాహ్నం భోజనాల వేళ మాత్రం పోవద్దు. ఇక్కడిది అచ్చు కాదు, చేత్తో కలం పట్టి గీసేది, అచ్చుల పని మచిలీపట్నం వైపు. గుడ్డను కరక్కాయ పొడి, పాలు కలిపిన నీళ్లలో తడిపి ఆరబెడతారు, పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకి పాకదు. చింతబొగ్గుతో బొమ్మ వేసుకుని, వెదురు కలానికి చుట్టిన ఉన్నిని నొక్కుతూ నల్లగీత గీస్తారు. ఆ నలుపు ఇనుపముక్కలు, బెల్లం నీళ్లలో రోజుల తరబడి నానబెట్టి తీసిన కసిం. కరక్కాయ పట్టించిన గుడ్డకి తగలగానే అది నల్లబడుతుంది, చూసి తీరాల్సింది అదే. ఎరుపు రావాల్సిన చోట పటిక రాసి, రంగులో ఉడకబెట్టి, పారే నీళ్లలో ఉతుకుతారు. ఈ పని ఏటి ఒడ్డున పెరిగిందంటే అందుకే. ఏట్లో నీళ్లు లేని కాలంలో వాళ్ల కష్టం మామూలుగా ఉండదు.

తిరుపతి వాసి:
చాలా థ్యాంక్స్ అండి. కొనేటప్పుడు అచ్చు గుడ్డని చేతిపని అని చెప్పి అంటగడితే ఎలా కనిపెట్టాలి?

కరక్కాయ:
ఒకే పువ్వు రెండు చోట్ల ఉంటే పక్కపక్కన పెట్టి చూడండి. గీత మందం, మలుపు అణువంతైనా తేడా లేకపోతే అది అచ్చే. కొత్త గుడ్డ వాసన కూడా చూడండి, పాలు పట్టించిన వాసన ఇంకా ఉంటుంది. ఒక పెద్ద గుడ్డ వెనక వారాల పని ఉంటుంది కాబట్టి దయచేసి సగానికి సగం బేరం ఆడొద్దు, డబ్బు సరిపోకపోతే చిన్న బొమ్మ తీసుకోండి.

స్వర్ణముఖి ఒడ్డు:
ఎండ తగ్గాక కన్నప్ప కొండ ఎక్కండి, గుడీ ఏరూ ఊరూ ఒక్కచోటే కనిపిస్తాయి. ఆదివారం మాత్రం వద్దు, రాహుకాలం పూజలకి జనం విపరీతం.