ఒక్కరే నడిపే వకీలు ఆఫీసు: వకాలత్‌లో రెండో పేరు ఉండాలా?

చర్చాంశం: హన్మకొండలో ఒక అడ్వొకేటు, ఒక గుమాస్తా, అంతే ఆఫీసు. ఆయన హఠాత్తుగా ఆసుపత్రి పాలైతే కేసులు ఎవరు చూడాలి? ప్రతి వకాలత్‌లో (తన తరఫున కేసు నడపమని కక్షిదారు వకీలుకు రాసిచ్చే పత్రంలో) మొదటి నుంచే రెండో అడ్వొకేటు పేరు పెట్టాలా? మాట్లాడేవాళ్లు: పరకాల సివిల్ వకీలు, వరంగల్ అప్పీళ్ల వకీలు, ఒక గుమాస్తా.

పరకాల సివిల్: అక్కర్లేదు. సీపీసీ (సివిల్ ప్రొసీజర్ కోడ్) ఆర్డర్ 3 రూల్ 4(5) ప్రకారం, వకాలత్ ఉన్న అడ్వొకేటు పంపితే ఇంకొకరు మెమో (హాజరు పత్రం) లేకుండానే వాదించొచ్చు. పొద్దున కాల్‌వర్క్‌ల, అంటే కేసులు పిలిచేటప్పుడు, దోస్తు ఎవరైనా లేచి వాయిదా అడుగుతడు. పేరు రాస్తే కక్షిదారు రేపు అటే పోతడు.

వరంగల్ అప్పీల్స్: అన్నా, ఆ రూలు వాదనకే. పిటిషన్ మీద సంతకం వకాలత్ ఉన్నోళ్లే పెట్టాలె. పైగా పంపేటాయన స్పృహల ఉండాలె కదా! వకీలు చనిపోతే 4(2) కింద వకాలత్ అక్కడికే ముగుస్తది, కక్షిదారు కొత్తది వేసుకుంటడు. ఐసీయూల ఉంటేనే అసలు చిక్కు. వకాలత్ చెల్లుతనే ఉంటది, కొత్త వకీలుకు ఇచ్చే ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదనే పత్రం) మీద సంతకం పెట్టే స్థితిల ఆయన ఉండడు. కొత్త అడ్వొకేటు కారణం చూపి కోర్టు అనుమతి తెచ్చుకోవాలె. ఈలోపు దావా డిఫాల్టుల పోతే (ఎవరూ రాలేదని కొట్టేస్తే) రెస్టొరేషన్‌కు, అంటే మళ్లీ తెరిపించుకోవడానికి, 30 రోజులే. ఎక్స్‌పార్టీ డిక్రీ (మనం రాలేదని మన వైపు వినకుండా ఇచ్చిన డిక్రీ) అయినా అంతే. దాటితే ఆలస్యం మాఫీకి లిమిటేషన్ చట్టం సెక్షన్ 5 పిటిషన్ అదనం.

గుమాస్తా: మీ లొల్లంతా కోర్టుల ఉన్న కేసుల మీదనే సార్. అవి ఈకోర్ట్స్ యాప్‌ల ఉంటయి. ‘మై కేసెస్’ ఎక్స్‌పోర్ట్ చేసి ఇంకో అడ్వొకేటు ఫోన్‌ల ఎక్కిస్తే వాయిదాలన్నీ కనిపిస్తయి. ఫైల్ కానివే ముంచుతయి. చెక్ కేసు చూడండి: బౌన్స్ అయినట్టు బ్యాంకు నుంచి తెలిసిన 30 రోజులల్ల నోటీసు, అవతలోళ్లకు అది ముట్టినంక 15 రోజులు, ఆపైన నెలలోపు ఫిర్యాదు. ఈ తేదీలు ఏ యాప్‌ల ఉండయి, వకీలు తలల ఉంటయి. కేవియట్ (మాకు చెప్పకుండా ఆర్డర్ ఇయ్యొద్దని ముందే వేసే పిటిషన్) 90 రోజులకు పోతది. అప్పీలు జిల్లా కోర్టుకు 30, హైకోర్టుకు 90. తీర్పు కాపీకి పట్టిన రోజులు మినహాయిస్తరు కాబట్టి కాపీ అప్లికేషన్ పెట్టిన తేదీ కూడ రాసి ఉండాలె. డైరీ వెనక ఒక పేజీ వీటికే పెట్టి, ప్రతి శనివారం ఫొటో తీసి ఆ ఇంకో అడ్వొకేటుకు పంపితే చాలు. ఒరిజినల్ సేల్‌డీడ్ల కవర్ల మీద కక్షిదారు పేరు, ఫోన్ నంబర్ లేకుంటే బీరువా తెరిచిన ఇంటోళ్లకు ఏది ఎవరిదో తెల్వదు.

పరకాల సివిల్: చెక్ కేసు మాట ఒప్పుకుంటా. కానీ రెండో పేరు ఎవరిది? పరకాల, నర్సంపేటల బార్ ఎంత? ఈ దావాల దోస్తు, ఆ దావాల ఎదుటి పక్షం. ఫైల్ చూసినంక అవతలి వైపు నిలబడరాదు.

వరంగల్ అప్పీల్స్: అందుకే అన్నిట్ల ఒక్కరే వద్దంటున్న. సివిల్‌కు ఒకరు, క్రిమినల్‌కు ఒకరు. కేసు తీసుకునే ముందు పార్టీల పేర్లు మాత్రమే పంపి, అవతలోళ్లు మీవాళ్లా అని అడగాలె, కథంతా చెప్పొద్దు. వాయిదాకు ఎంత, క్రాస్‌కు (అవతలి సాక్షిని ఎదురు ప్రశ్నలు అడగడానికి) ఎంత అన్నది ముందే కాగితం మీద పెట్టుకుంటే కక్షిదారు చేజారే భయం సగం పోతది. పాతవాటిల ట్రయల్ నడిచేవాటికే ముందు రెండో పేరు చేర్చండి. సమన్లు ముట్టని దావాలకు తొందర లేదు.