సోయా కాండిల్ మూత తీస్తే గుప్పుమంటోంది, వెలిగిస్తే వాసనే లేదు. నూనె 12% కి పెంచేయనా?

కొత్తవత్తి | సోమవారం, రాత్రి 9:40
అందరికీ నమస్కారమండీ. మాది విజయవాడ. ఇంట్లో కాండిల్స్ మొదలుపెట్టి నాలుగు నెలలైంది. తెలిసినవాళ్ల గృహప్రవేశానికి రిటర్న్ గిఫ్టుగా 60 జార్లు అడిగారు, మల్లెపూల వాసన కావాలన్నారు. సరిగ్గా 19 రోజులుంది.
శాంపిల్ చేశాను. సోయా వ్యాక్స్ (సోయా నూనెతో చేసే మైనం) 185 గ్రాములు, మల్లె ఫ్రాగ్రెన్స్ ఆయిల్ (సెంటు నూనె) 15 మి.లీ., అంటే 8%. మూత తీస్తే మల్లెపూల కొట్టుకెళ్లినట్టే ఉంది. రెండో రోజు హాల్లో వెలిగించి మూడు గంటలు కూర్చున్నాను. ఏమీ లేదు. మా ఆయనైతే "ఇది కరెంటు పోయినప్పుడు వెలిగించే కొవ్వొత్తేగా" అన్నారు.
ఆయిల్ 12% కి పెంచితే సరిపోతుందా? తొందరగా చెప్పండి, ఆయిల్ ఆర్డర్ పెట్టాలి.

సెంటుబుడ్డి | సోమవారం, రాత్రి 9:58
పెంచేయమ్మా, ఆలోచించకు. ఆరేళ్లుగా అమ్ముతున్నాను, నావన్నీ 12 శాతమే. ఒక్కరు కూడా వాసన లేదనలేదు. 8% అనేది యూట్యూబ్‌లో తెల్లవాళ్ల లెక్క. వాళ్లకి సన్నగా వస్తే చాలు. మనవాళ్లకి గుమ్మంలో చెప్పులు విడిచేసరికే తెలియాలి.

అరగ్రాము | సోమవారం, రాత్రి 10:20
ఆగండి. 15 మి.లీ. 8% ఎలా అయింది? నూనెని గ్రాముల్లో తూచాలి, మి.లీ.లో కొలవకూడదు. ఒక్కో నూనె సాంద్రత ఒక్కోలా ఉంటుంది. పోనీ 15 గ్రాములే అనుకుందాం. 185 మీద లెక్కేస్తే 8.1, మొత్తం 200 మీద లెక్కేస్తే 7.5. మీరు చెప్పేది దేని మీద?

సెంటుబుడ్డి | సోమవారం, రాత్రి 10:24
వచ్చాడండీ లెక్కల మాస్టారు.

గల్లీదీపం | సోమవారం, రాత్రి 10:31
అక్కా, ఫ్యాన్ బంద్ చేసి చూసినవా? హాల్ల ఫ్యాన్ ఐదు మీద తిరుగుతుంటె వాసన ఏడ నిలుస్తది. మా ఇంట్ల గిట్లనే అయింది.

కొత్తవత్తి | సోమవారం, రాత్రి 10:40
ఫ్యాన్ ఆపితే ఈ ఊళ్లో బతకలేమండీ. కానీ రేపు ఆపి చూస్తాను. అరగ్రాము గారూ, వ్యాక్స్ మీదే లెక్కేశాను. తప్పా?

అరగ్రాము | సోమవారం, రాత్రి 11:15
తప్పు కాదు. కాండిల్స్ చేసేవాళ్లు ఎక్కువమంది వ్యాక్స్ మీదే లెక్కేస్తారు. అయితే ఎవరు దేని మీద చెబుతున్నారో తేలకుండా 8, 12 అని కొట్టుకోవడం దండగ.
అసలు సంగతి అది కాదు. జార్ లోపలి వెడల్పు ఎంత? విక్ (వత్తి) ఏది? మూడు గంటలకి ఎంతవరకు కరిగింది? అంచు దాకా వచ్చిందా?

మరువం | సోమవారం, రాత్రి 11:30
మీ ఆయిల్ ఫ్లాష్ పాయింట్ చూశారా? 65 అని ఉంటే 85 డిగ్రీల్లో కలిపారా, సెంటంతా అక్కడే ఎగిరిపోతుంది. 55 లో కలపండి. నేను నేర్చుకున్న వర్క్‌షాప్‌లో ఇదే చెప్పారు. ఆరు వేలు కట్టాను దానికి.

అరగ్రాము | సోమవారం, రాత్రి 11:52
మరువం గారూ, ఆ ఆరు వేలు వెనక్కి అడగండి. ఫ్లాష్ పాయింట్ అంటే ఆవిరికి నిప్పు చూపిస్తే భగ్గుమనే వేడి. వాసన ఎగిరిపోయే వేడి కాదు. కిరోసిన్‌ది 40 చుట్టుపక్కల ఉంటుంది. మే నెలలో విజయవాడలో ఒక్కోసారి 45 దాటుతుంది, మరి డబ్బాలో కిరోసిన్ మాయమైపోతోందా? సోయాలో 80–85 దగ్గర వేసి, రెండు నిమిషాలు నెమ్మదిగా కలిపితేనే నూనె మైనంలో బాగా కలుస్తుంది. 55 లో సోయా గడ్డకట్టడానికి సిద్ధంగా ఉంటుంది. అప్పుడు పోస్తే నూనె ఒకచోట, మైనం ఒకచోట.

మరువం | మంగళవారం, ఉదయం 6:10
ఆరు వేల సంగతి మీకెందుకండీ.

కొత్తవత్తి | మంగళవారం, ఉదయం 7:05
జార్ లోపల 7.5 సెం.మీ. విక్ కాటన్‌ది, ప్యాకెట్ మీద 4 నుంచి 6 సెం.మీ. జార్లకి అని ఉంది. ఉన్నది అదే కాబట్టి వాడేశాను. మూడు గంటలకి మధ్యలో గుండ్రంగా ఒక 4.5 సెం.మీ. కరిగింది. అంచు గట్టిగానే ఉంది.

అరగ్రాము | మంగళవారం, ఉదయం 8:30
దొరికింది. వాసన వచ్చేది కరిగిన మడుగు పైనుంచే. గట్టిగా ఉన్న మైనం నుంచి కాదు. మీ జార్ పైభాగం మొత్తం 44 చదరపు సెం.మీ. కరిగింది 16. అంటే మీ మల్లెలో మూడోవంతు మాత్రమే పనిచేస్తోంది. మీరు 12% పోసినా ఆ అంచు గట్టిగానే ఉంటుంది. పైగా నూనె ఎక్కువైతే వత్తి మూసుకుపోయి మంట ఇంకా చిన్నదవుతుంది. పట్టని నూనె జార్ అడుగుకి దిగుతుంది, లేదా పైన చెమటలా పడుతుంది.
ఒకటి, రెండు సైజులు పెద్ద విక్ తెచ్చి రెండిట్లోనూ చేసి చూడండి. మూడు గంటలకి అంచు దాకా కరగాలి. లోతు సెంటీమీటరు ఉంటే చాలు. అంతకన్నా పెద్ద విక్ పెడితే మసి వస్తుంది, గాజు కాలుతుంది, సెంటు మంటలోనే మాడిపోతుంది.
ఇంకొకటి, సోయాని రెండో రోజే వెలిగించి తీర్పు చెప్పకూడదు. మూత పెట్టి వారం, పది రోజులు వదిలేయండి. రెండు వారాలైతే ఇంకా మేలు.

డల్లాస్‌అత్త | మంగళవారం, ఉదయం 9:02
అవును. మేము ఇక్కడ గరాజ్‌లో చేసి రెండు వారాలు అట్టపెట్టెల్లో పడుకోబెడతాం. ఆవకాయకి మూడో రోజు తిరగకలిపే ఓపిక ఉంటుంది గానీ, కాండిల్‌కి ఎవరికీ ఉండదు.

సెంటుబుడ్డి | మంగళవారం, ఉదయం 9:45
రెండు వారాలు ఆగితే ఆ అమ్మాయి గృహప్రవేశం అయిపోయి, సత్యనారాయణ వ్రతం కూడా అయిపోతుంది. చేతిలో 18 రోజులుంటే విక్‌లు తెప్పించి, టెస్టు చేసి, మళ్లీ 60 పోసి, పక్షం రోజులు పడుకోబెట్టమంటారా? నావి రెండు రోజులకే వాసన ఇస్తాయి. 12 శాతం. చెప్పాను కదా.

అరగ్రాము | మంగళవారం, ఉదయం 10:10
మీది ఏ సోయా వ్యాక్స్? నేను చూసిన జార్ సోయా సంచుల మీద గరిష్ఠం 10% అనే ఉంది.

సెంటుబుడ్డి | మంగళవారం, ఉదయం 10:15
నా వ్యాక్స్ 12 పడుతుంది.

అరగ్రాము | మంగళవారం, ఉదయం 10:16
12 దేని మీద? వ్యాక్స్ మీదా, మొత్తం మీదా? మొత్తం మీదైతే వ్యాక్స్ మీద 13.6 అవుతుంది.

గల్లీదీపం | మంగళవారం, ఉదయం 10:20
మళ్ల షురూ.

ఊరికేచదువరి | మంగళవారం, ఉదయం 11:00
నా సందేహం: పొద్దున్నుంచీ మల్లె నూనెతో కుస్తీ పట్టే ముక్కుకి మల్లె తెలుస్తుందా? మా అమ్మకి ఇంట్లో ఇంగువ వాసనే తెలియదు, వచ్చినవాళ్లు చెప్పాలి.

కొత్తవత్తి | మంగళవారం, మధ్యాహ్నం 1:30
నిజమేనండీ! వెలిగించి పక్కింటి పిన్నిగారిని పిలిచాను. గుమ్మంలోకి రాగానే "మల్లెపూలు కొన్నావా" అన్నారు. అయితే తక్కువే, లోపలికొచ్చి కూర్చున్నాక తెలియడం లేదన్నారు. ఫ్యాన్ ఆపే ఉంది.

మరువం | మంగళవారం, మధ్యాహ్నం 2:15
ఆయిల్ ఎవరి దగ్గర కొన్నారో చూసుకోండి. రీడ్ డిఫ్యూజర్‌కి (సీసాలో పుల్లలు పెట్టి వాసన వచ్చేలా చేసేది) అమ్మే ఆయిల్ అంటగట్టారేమో. అందులో డీపీజీ అనే పలచన చేసే ద్రవం కలుపుతారు, అది మైనంలో కలవదు. నాకు ఒకసారి జార్ అడుగున చుక్కలు చుక్కలుగా దిగింది. ఆ షాపువాడు ఫోను ఎత్తలేదు. ఇది మాత్రం వర్క్‌షాప్‌లో చెప్పలేదు, ఎదురుదెబ్బ తగిలి నేర్చుకున్నాను.

అరగ్రాము | మంగళవారం, మధ్యాహ్నం 2:40
ఈ మాట నూటికి నూరు పాళ్లు నిజం. కాండిల్‌కి పనికొస్తుందని రాసి ఉన్న నూనే కొనాలి.
సెంటుబుడ్డి గారు నా ప్రశ్నకి జవాబు చెప్పలేదు. మే నెలలో మీ జార్లు కొరియర్‌లో పంపుతారు కదా, కరగవా?

సెంటుబుడ్డి | మంగళవారం, మధ్యాహ్నం 3:05
ఒక్కటీ కరగలేదు. ఆదిలాబాద్ దాకా పంపాను.

అరగ్రాము | మంగళవారం, మధ్యాహ్నం 3:20
జార్‌లో పోసే సోయా 50 డిగ్రీలకి అటూ ఇటూగా కరుగుతుంది. మే నెలలో మూసిన వ్యానులో అంత వేడి మామూలే. మీ సోయా 12% నూనె తాగుతుంది, రెండు రోజులకే వాసనిస్తుంది, ఎండలో కరగదు. ఇది సోయా కాదమ్మా. మీరు పారాఫిన్ (పెట్రోలియం నుంచి వచ్చే మైనం) కలుపుతున్నారు. జార్ మీద మాత్రం "100% సోయా" అని ఉంటుంది.

ఊరికేచదువరి | మంగళవారం, మధ్యాహ్నం 3:22
😮

సెంటుబుడ్డి | మంగళవారం, సాయంత్రం 5:50
అవును కలుపుతాను. సగానికి పైనే పారాఫిన్. ఏం చేస్తారు?
మొదటి రెండేళ్లు అచ్చంగా సోయాయే వాడాను. ఒక ఫంక్షన్‌కి 80 జార్లిచ్చాను. "వాసనే లేదు, కొవ్వొత్తులిచ్చి డబ్బు గుంజావు" అని సగం డబ్బే ఇచ్చారు. నలుగురిలో అన్నారు. ఆ రాత్రి మా ఇంట్లో అన్నం ఎవరికీ సహించలేదు. కొనేవాళ్లకి ఏం కావాలో తెలుసా మీకు? ధర 250 దాటకూడదు, "సోయా" అన్న మాట ఉండాలి, వాసన అగరుబత్తిలా రావాలి. ఈ మూడూ ఒక జార్‌లో పట్టవు. నేను పట్టించాను.
అయినా ఏది ప్రకృతి, ఏది కాదు? పారాఫిన్ మన అస్సాం నుమాలిగఢ్ రిఫైనరీలో కూడా తయారవుతుంది. మీ అమెరికా సోయా ఓడెక్కి వస్తుంది, అదీ ఫ్యాక్టరీలో హైడ్రోజన్ ఎక్కించి గడ్డకట్టించిన నూనే.

మరువం | మంగళవారం, సాయంత్రం 6:05
పారాఫిన్ విషం కదండీ, పిల్లలున్న ఇంట్లో...

అరగ్రాము | మంగళవారం, సాయంత్రం 6:40
విషం కాదు మరువం గారూ. ఆ ప్రచారం సోయా అమ్మేవాళ్లూ చేస్తుంటారు. విక్ తప్పైతే ఏ మైనమైనా మసి కక్కుతుంది. పారాఫిన్‌లో చాలా సెంట్లు వెలిగించినప్పుడు బలంగానే వస్తాయి, రెండు మూడు రోజుల్లోనే తయారవుతుంది. ఇందులో సెంటుబుడ్డి గారు చెప్పింది కాదనను.
కానీ నేనెందుకు ఇంత పట్టుబడుతున్నానో చెబుతాను. ల్యాబ్ ఉద్యోగం మానేసి నేనూ ఇదే పని చేశాను. అచ్చంగా సోయా, అచ్చంగా తూకం. రెండేళ్లలో మూసేశాను. వచ్చినవాళ్లందరిదీ ఒకటే మాట: "ఫలానా ఆవిడ సోయా కాండిల్ వెలిగిస్తే ఇల్లంతా వాసన, మీది రాదేం?" నా చేతకానితనమే అనుకున్నాను. 6 నుంచి 10 వరకు అర్ధ శాతం చొప్పున పెంచుతూ బ్యాచ్‌లు చేశాను. ఆ నోట్‌బుక్ ఇంకా ఉంది. ఆ ఆవిడ జార్‌లో ఉన్నది సోయానే కాదని తట్టేసరికి అద్దె బకాయి పడింది.

సెంటుబుడ్డి | మంగళవారం, సాయంత్రం 6:55
మీ కొట్టు మూసేసింది నా వల్లనా?

అరగ్రాము | మంగళవారం, సాయంత్రం 6:57
మీరే అనలేదు. మీలాంటివాళ్లు.

సెంటుబుడ్డి | మంగళవారం, సాయంత్రం 7:01
అడిగిన పిల్లకి నిన్న రాత్రే "సోయాలో అగరుబత్తి వాసన రాదు" అని ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చుగా. సాంద్రత, శాతం, వైశాల్యం... రోజంతా తిప్పారు.

అరగ్రాము | మంగళవారం, సాయంత్రం 7:10
మీరు "12 పోసెయ్" అన్నప్పుడు "నాది బ్లెండ్" అని ఒక్క ముక్క చెప్పి ఉండొచ్చుగా. మీ మాట నమ్మి అచ్చమైన సోయాలో 12 పోస్తే 60 జార్లూ చెమట పట్టేవి.

డల్లాస్‌అత్త | మంగళవారం, రాత్రి 8:15
ఇక్కడ సీసా మీద "సోయా బ్లెండ్" అని రాసే అమ్ముతారు చాలామంది. అలాగే కొంటాం, ఎవరూ గొడవ పడరు. ఆ ఒక్క మాట రాయడానికి ఏం కష్టం తల్లీ?

సెంటుబుడ్డి | మంగళవారం, రాత్రి 8:20
అక్కడ రాస్తే కొంటారు. ఇక్కడ రాస్తే "కల్తీ" అంటారు. బ్లెండ్ అన్న మాటకి మనవాళ్ల చెవిలో పడే అర్థం అదే.

గల్లీదీపం | మంగళవారం, రాత్రి 8:32
అగరుబత్తి అంటె పుల్ల మొత్తం కాలి పొగ లేస్తది. కాండిల్ల పొగ రావద్దు. పొగ లేకుంట పొగంత వాసన ఎట్లొస్తది అక్కా? గా గిరాకీలకే జర సమజ్ చేయాలె.

కొత్తవత్తి | 12 రోజుల తర్వాత, ఆదివారం
ఆలస్యానికి క్షమించండి, చేయి ఖాళీ లేదు. ఏం జరిగిందో రాస్తున్నాను.
బుధవారమే బెజవాడ అంతా తిరిగి రెండు సైజుల విక్‌లు తెచ్చాను. ఒక సైజు పెద్దది పెడితే రెండు గంటల ముప్పావుకి అంచు దాకా కరిగింది. రెండు సైజులు పెద్దదానికి మంట ఎగిరెగిరి పడింది, గాజు అంచు నల్లబడింది, జార్ చేత్తో పట్టుకోలేకపోయాను. దాన్ని పక్కన పెట్టేశాను. ఆయిల్ 8 దగ్గరే ఉంచాను, ఈసారి తూచి (వ్యాక్స్ మీద, అరగ్రాము గారూ). పూర్తిగా పడుకోబెట్టి చూసే టైము లేదని శుక్రవారమే ధైర్యం చేసి 60 పోసేశాను.
నిన్నటికి ఎనిమిది రోజులు. ఒకటి వెలిగించి ఫ్యాన్ ఆపి, పిన్నిగారిని మళ్లీ పిలిచాను. ఈసారి కూర్చున్నాక కూడా తెలుస్తోందన్నారు. ఆర్డరిచ్చినావిడ కూడా వచ్చి చూశారు. "బాగుంది, కానీ మా ఆడపడుచు ఇంట్లోదానంత లేదు" అన్నారు. ఆ ఆడపడుచు కాండిల్ ఫొటో చూపించారు, దాని మీద కూడా 100% సోయా అనే ఉంది. ఇదంతా మళ్లీ విడమర్చి చెప్పే ఓపిక లేక, పొగ రాదు కాబట్టి అంతే వస్తుందండీ అన్నాను. ఊఁ అన్నారు. డబ్బు పూర్తిగా ఇస్తారో లేదో ఫంక్షన్ అయ్యాక తెలుస్తుంది.

సెంటుబుడ్డి | ఆదివారం, రాత్రి 9:10
ఇవ్వకపోతే చెప్పు. ఇంకో నాలుగు రోజులు ఆగితే ఇంకాస్త వస్తుందిలే, కంగారు పడకు. ఆ ఫొటోలో జార్ మూత చెక్కదా, రేకుదా?

కొత్తవత్తి | ఆదివారం, రాత్రి 9:14
చెక్కదండీ. ఎందుకూ?

సెంటుబుడ్డి | ఆదివారం, రాత్రి 9:31
ఏం లేదు. నావీ చెక్కవే.

మరువం | సోమవారం, ఉదయం 6:20
గాజుని నల్లబరిచిన ఆ పెద్ద విక్‌లు మిగిలాయా? నా దగ్గర 9 సెం.మీ. జార్లున్నాయి. తెనాలికి కొరియర్ ఎంతవుతుంది?