‘స్థానాంతరీకరణ’ వద్దు, ‘కలిసింది’ చాలు

ప్రశ్న: నల్లకుంటలో మా అమ్మాయితో పాటు చదరంగం నేర్చుకునే పిల్లల కోసం తెలుగులో నోట్సు రాస్తున్నాను. ‘మూవ్ ఆర్డర్’కు ‘చలన క్రమం’ అని, ‘ట్రాన్స్‌పోజిషన్’కు ‘స్థానాంతరీకరణ’ అని పెట్టాను. పిల్లలు ఒకటే నవ్వు. పెద్దలు మంచి మాటలు చెప్పగలరా?

జవాబు: పిల్లల నవ్వులో న్యాయం ఉందండి. చలనం గ్రహాలది. చదరంగంలో వేసేది ఎత్తు. కోనేరు హంపి గెలిచినా, అర్జున్ ఇరిగేశి గెలిచినా ఆటల పేజీలో ‘ఇన్ని ఎత్తుల్లో’ అనే రాస్తారు. రాజకీయాల పేజీలోనూ నాయకులు పావులు కదుపుతూ, ఎత్తుకు పైఎత్తు వేస్తూనే ఉంటారు. కాబట్టి మొదటిదానికి ‘ఎత్తుల వరుస’ అనేయండి.

రెండోదానికి పేరు పెట్టేముందు బల్ల మీద ఏం జరుగుతుందో చూడాలి. తెలుపు ఇ4, నలుపు ఇ5. (అక్షరం, అంకె కలిస్తే బల్ల మీద ఒక గడి పేరు. పావు పేరు చెప్పకపోతే ఆడింది బంటు.) తెలుపు గుర్రం ఎఫ్3, నలుపు గుర్రం సి6. తెలుపు శకటు సి4. (బిషప్‌ను నేను శకటు అంటాను. హైదరాబాద్‌లో ఒంటె అనేవారూ తక్కువ కాదు, ఆ తగవు ఇక్కడ వద్దు.) ఇప్పుడు నలుపు శకటును సి5కు తెస్తే జోకో పియానో, గుర్రాన్ని ఎఫ్6కు తెస్తే టూ నైట్స్. ఇవి ఓపెనింగ్‌ల పేర్లు, అంటే ఆట మొదట్లో ఆడే ఎత్తుల వరుసల పేర్లు. తర్వాత తెలుపు డి3 ఆడి, నలుపు ఆ మిగిలిన రెండో పావును కూడా బయటికి తెచ్చిందనుకోండి, రెండు ఆటల్లోనూ బల్ల అచ్చు ఒకేలా ఉంటుంది.

అలాగని ఏది ముందు ఆడినా ఒకటే అనుకుంటే దెబ్బతింటాం. నలుపు గుర్రం ముందు వస్తే, తెలుపు గుర్రం జి5కు దూకి, సి4 శకటుతో కలిసి ఎఫ్7 బంటు మీద పడవచ్చు. అదే నలుపు శకటు ముందు వచ్చినప్పుడు జి5కు దూకితే ఉత్తపుణ్యానికి గుర్రం పోతుంది. డి8లో ఉన్న మంత్రికి ఇ7, ఎఫ్6 మీదుగా జి5 దాకా దారి తెరిచి ఉంటుంది మరి. ఎఫ్6లో సొంత గుర్రం నిలబడితే ఆ దారి మూసుకుపోతుంది. పిల్లల చేత ఈ రెండూ బల్ల మీద ఆడించి చూపండి, ఏ నిర్వచనమూ అక్కర్లేదు.

‘స్థానాంతరీకరణ’ అంటే పావులు చోటు మార్చుకున్నాయనిపిస్తుంది. నిజానికి వేరే దారిలో బయలుదేరిన ఆట తెలిసిన చోటికే చేరింది. దీనికి ‘కలిసింది’ అనే మాట సరిపోతుంది. తెలుపు డి4, నలుపు గుర్రం ఎఫ్6, తెలుపు సి4, నలుపు ఇ6 తర్వాత తెలుపు గుర్రం ఎఫ్3 ఆడితే, నలుపు శకటు బి4కు వచ్చి రాజుకు చెక్ చెబుతుంది. అది బోగో ఇండియన్ అనే ఓపెనింగ్. ఆ చెక్‌కు తెలుపు రెండో గుర్రాన్ని సి3లో అడ్డుపెడితే ఆట నిమ్జో ఇండియన్ అనే మరో ఓపెనింగ్‌లో కలుస్తుంది. వాడపల్లి దగ్గర మూసీ కృష్ణలో కలిసినట్టే: అక్కడి నుంచి పేరు కృష్ణదే.

మరొకరు: మాట బాగుంది. కానీ ‘కలిసింది’ అంటే దానంతటదే జరిగినట్టుంది. ఆటగాడు ముందే అనుకుని అలా నడిపిస్తేనో?

జవాబు: అప్పుడు ‘కలిపాడు’ లేదా ‘కలిపింది’. తెలుగులో ఆ జంట సిద్ధంగానే ఉంది. సిసిలియన్ అనే ఓపెనింగ్‌లోని ఒక వరుసలో ఐదో ఎత్తుకు నలుపు ఇ6 ఆడితే అది షెవనింగెన్ అనే శాఖ, ఎ6 ఆడితే నైడోర్ఫ్ అనే శాఖ. ఇ6 ఆడగానే సి8 శకటుకు సొంత బంటే అడ్డమవుతుంది. జి4 మీద దాని చూపు పోతుంది. వెంటనే తెలుపు జి4 బంటును తోసి దాడికి దిగుతుంది, అదే కెరెస్ ఎటాక్. ఆ బెడద లేకుండా ముందు ఎ6 ఆడి, తెలుపు శకటు ఇ2 లాంటి నెమ్మది ఎత్తు వేశాక ఇ6 ఆడేవారున్నారు. నైడోర్ఫ్‌తో మొదలుపెట్టి షెవనింగెన్‌లో కలిపారన్నమాట.

ఓపెనింగ్‌ను మాత్రం ఓపెనింగ్ అనే ఉంచండి. ‘ప్రారంభం’ అంటే పిల్లలు రిబ్బను, కత్తెర ఎక్కడని అడుగుతారు.