అప్‌డేట్: అల్లం సిరప్ గంజిలా తయారైన సంగతి తేలిపోయింది

మూడు వారాల కిందట ఇక్కడే అడిగాను కదా, ఇంట్లో చేసిన అల్లం సిరప్ చల్లారాక జిగురుగా, గంజిలా అయిపోతోంది, సీసా అడుగున తెల్లటి మడ్డి కూడా దిగుతోంది, పాడైపోయిందా అని. జవాబిచ్చిన అందరికీ థాంక్సండీ.

పనిచేసింది "రసం తేర్చి చూడండి" అన్న సలహా. విజయనగరం గంటస్తంభం దగ్గర అరకిలో అల్లం కొని, నీళ్లు పోసి మిక్సీ పట్టి, పల్చటి గుడ్డలో పిండి, ఆ రసాన్ని గంటసేపు కదపకుండా వదిలేశాను. అడుగున తెల్లగా, ముద్దలా పేరుకుంది చూడండి, అదంతా అల్లంలో ఉండే పిండిపదార్థమేనట! ఇన్నాళ్లూ దాన్ని కూడా కలిపి మరిగించేస్తున్నాను, గంజి కాక ఇంకేమవుతుంది. ఈసారి పైరసం మాత్రమే మెల్లగా వంచుకుని, 400 గ్రాముల బెల్లం వేసి మరిగించి, వడగట్టి, పూర్తిగా చల్లారాక నాలుగు నిమ్మకాయలు పిండాను. పల్చటి తేనెలా వచ్చింది.

బెల్లం కల్తీ అన్న అనుమానం తప్పు, పంచదారతో చేసినప్పుడూ అలాగే అయింది. నీళ్లు మార్చినా తేడా లేదు.

ఫ్రిజ్‌లో 12 రోజులైంది, బాగానే ఉంది. గ్లాసు చల్లటి నీళ్లకి రెండు చెంచాలు చాలు, మా అత్తగారికి మాత్రం వేడినీళ్లలో మూడు పడాల్సిందే. టీలో మాత్రం వేయకండి, నిమ్మరసం ఉందని మర్చిపోయి వేశాను, పాలు విరిగిపోయాయి.