సమస్య: "కొండలున్న చోటు కోనసీమ"

నిర్వాహకుడు: ఆటవెలది నాలుగో పాదం ఇచ్చాను, పై మూడూ మీరు పూరించాలి. ఏటిగట్టే పెద్ద ఎత్తుగా కనిపించే నేల మీద కొండ నిలబెట్టాలి. యతి మరవద్దు, పాదం మొదటి అక్షరానికి నాలుగో గణం మొదటి అక్షరం జత కుదరాలి.

కొత్తచేయి:
పంటు దాటి రాగ చీకటి పడిపోయె
దోవ లేని లంక దొరకదాయె
ఎత్తు గట్టు చూసి యెక్కలేకన్నాను
కొండలున్న చోటు కోనసీమ

నిర్వాహకుడు: గణాలు సరిపోయాయి. మొదటి పాదంలో 'పం'కి 'చీ' యతి కుదరదు. "పగలెల్ల గడిచెను" అంటే సరి. గట్టునే కొండ చేయడం బాగుంది, సఖినేటిపల్లి రేవులో ఏరు దాటించే పంటు కోసం పడిగాపులు పడ్డవాళ్లకి బాగా తెలుస్తుంది.

ఒండ్రుమట్టి:
పాపికొండ లేమొ పైనున్న వందురు
మట్టి తెచ్చె నేరు మనకు నిచట
కరిగి చేరినట్టి కణములే యివి గాన
కొండలున్న చోటు కోనసీమ

నిర్వాహకుడు: భావం గట్టిది. ఒక్క పాపికొండలేమిటి, త్ర్యంబకం నుంచి 1,465 కిలోమీటర్లు ఏరు మోసుకొచ్చిన మట్టి మన కాళ్ల కింద ఉంది. కానీ మట్టి ఏకవచనం, "కణములే యివి" దగ్గర కాస్త తడబడింది.

బోండాం మావయ్య:
యాస నేర్చి వచ్చి యల్లుండు 'బూండాక్సు'
మీదు పల్లె యనుచు మేలమాడె
తగలొగందు దాని తాత్పర్యమే కొండ
కొండలున్న చోటు కోనసీమ

ఒండ్రుమట్టి: అర్థం కాలేదండీ. బూండాక్సు ఏమిటి?

బోండాం మావయ్య: అమెరికాలో మారుమూల ఊళ్లని వెటకారంగా అనే మాట. వీడియో కాల్‌లో మా మేనల్లుడు అన్నాడు. మా ఆవిడ "బోండాలా? ఈసారి వచ్చినప్పుడు కొట్టిస్తాలే" అంది. తర్వాత వాడే చెప్పాడు, ఫిలిప్పీన్స్ టగాలోగ్ భాషలో 'బుందోక్' అంటే కొండ. 1899లో అక్కడ యుద్ధం మొదలయ్యాక, గెరిల్లాలని వెతుకుతూ కొండలెక్కిన అమెరికా సైనికులు ఆ మాట పట్టుకున్నారు. చివర బహువచనం తగిలించి ఇంటికి తీసుకెళ్లారు. అక్కడ కొండ జారిపోయింది, దూరం మిగిలింది. ఇప్పుడు బల్లపరుపు నేలనైనా అలాగే అంటారు. అందుకే మా ఊరికీ తగిలింది.

గట్టుమీద చెట్టు: మన 'ఏజెన్సీ' దీనికి తలకిందులు. 1839 చట్టంతో గంజాం, విశాఖ కొండ ప్రాంతాల్లో కలెక్టరు గవర్నరుకి ఏజెంటు అయ్యాడు, ఆయన ఏలిన చోటు ఏజెన్సీ. అక్కడ కొండ పేరు దూరానికి వచ్చింది, ఇక్కడ కచేరీ పేరు కొండకి వచ్చింది. ఇంకోటి, కోనసీమ పేరు కోణం నుంచే అని చిన్నప్పటి నుంచీ వింటున్నాం. కోణమంటే మూలే కదా. మరి మారుమూల అంటే కోపమెందుకు?

బోండాం మావయ్య: కోపం మాట మీద కాదండీ, నవ్విన నవ్వు మీద!

నిర్వాహకుడు: ఇప్పటిదాకా వచ్చిన వాటిలో నాకు నచ్చింది ఇదే. మూడో పాదం 'కొండ'తో ముగిసి నాలుగోది 'కొండ'తోనే మొదలైంది, ముక్తపదగ్రస్తం చక్కగా పడింది. అయితే టగాలోగ్‌ని 'తగలొగ్' అని కురచ చేశారు.

బోండాం మావయ్య: సూర్యగణంలో ఇరికించాలి కదండీ. అలాగే ఉంచుతాను.

నిర్వాహకుడు: ఉంచండి. గడువు ఆదివారం దాకా. కొబ్బరి రాశుల్ని కొండ చేసి ఇంకా ఎవరూ రాయలేదు, అదే ఆశ్చర్యంగా ఉంది.